బాబాయిగారి దోనె

తాడేపల్లిగూడెం,
జూన్, తొలకరి పడ్డ రోజు

షరీఫాకి నీ పిన్ని వెంకటనరసమ్మ దీవెనలు.

నా ఉత్తరం చూసి కంగారు పడకు. అంతా బాగానే ఉన్నాం. ఫోనులో ఎవరు మాట్లాడినా నాకు తేనెటీగలు ముసిరినట్టు వినిపిస్తోంది తప్ప మాట తెలియడం లేదు. చెవికి మిషను పెట్టించారు గానీ, అది పెట్టుకుంటే మనిషి మాట కంటే ఫ్యాను చప్పుడే ఎక్కువ. అందుకని పాత పద్ధతిలోకి వచ్చాను. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

మీ బాబాయిగారు పోయాక కొల్లేట్లో ఇంటికి తాళం వేసి శ్రీదుర్గ దగ్గరికి వచ్చేశాను కదా. అమ్మాయి, అల్లుడు బాగానే చూసుకుంటున్నారు. నా గదిలో మంచానికి ఎదురుగా ఒక గోడ ఖాళీగా ఉంది. టీవీ పెట్టిస్తానంది శ్రీదుర్గ. వినపడని దానికి టీవీ ఎందుకే అన్నాను.

ఏలూరులో పిల్లల చదువుల కోసం మీ పక్కింట్లో అద్దెకున్నప్పుడు, మీ నాన్న నాగూర్ గారు లారీల వెనక కొండలు, సూర్యుడు వేస్తుంటే నువ్వు రంగు డబ్బా పట్టుకుని నిలబడేదానివి. గౌను నిండా రంగే. నన్ను పిన్నీ అని అప్పుడే మొదలుపెట్టావు. ఇప్పుడు నువ్వే ఆయిల్ పెయింటింగులు వేస్తున్నావనీ, మీ ఆయన తాహిర్ ఫ్రేములు కట్టి షాపులో పెడితే గృహప్రవేశాలకి పట్టుకెళుతున్నారనీ శ్రీదుర్గ చెప్పింది.

నాకొక బొమ్మ కావాలి షరీఫా. కార్తీకంలో ఆయన సంవత్సరీకం. అప్పటికి ఆ గోడ మీద కొల్లేరు ఉండాలి. మా ఇంటి మెట్ల మీద నిలబడితే కనిపించే కొల్లేరు. నీళ్ళలో మీ బాబాయిగారి తాటిదోనె, దోనెలో మీ బాబాయిగారు. ముఖం కనిపించక్కర్లేదు, వెనక నుంచైనా చాలు. ఆయన దోనెలో కూర్చుని వెళుతున్నట్టు చూడాలని ఉంది. కళ్ళు మూసుకుంటే అలా కనిపించడం లేదు.

నీ పిన్ని


ఏలూరు,
జూన్ ఆఖరు

పిన్నిగారికి షరీఫా సలాములు.

మీ చేతిరాత చూడగానే మీ వంటింటి గుమ్మం గుర్తొచ్చింది. మీరు అడగడమే నాకు గొప్ప. అల్లా దయ వల్ల చేతిలో ఇంకా వణుకు లేదు.

మా ఆయన కొత్త కాన్వాసు బిగించి ఇచ్చారు. మీ మంచం పొడవు ఉంటుంది. నిన్న ఉదయం నమాజు అయ్యాక మొదటి పూత పూశాను. కావిరంగును టర్పెంటైన్‌లో నీళ్ళలా పల్చన చేసి, గుడ్డతో కాన్వాసంతా అలికినట్టు పూయడమే. ముందు ఆ తెల్లదనం పోవాలండీ. తెలుపు పక్కన పెడితే ఏ రంగూ తన అసలు రంగు చెప్పదని నాన్న అనేవారు. ప్రస్తుతానికి అందులో ఏమీ లేదు. మా ఆయన తొంగి చూసి, “ఇదేనా మీ పిన్నిగారి కొల్లేరు? టీ ఒలికినట్టుందే” అన్నారు. “ఆరనివ్వండి” అన్నాను.

ఆ కావి ఆరాక బొగ్గుతో నీటి గీత పెట్టుకుంటాను. ఆకాశం ఎక్కువ కావాలో నీళ్ళు ఎక్కువ కావాలో అక్కడే తేలిపోతుంది. మీకు నీళ్ళే ఎక్కువ ఉంచుదామనుకుంటున్నాను.

దోనె ఏ వైపు ఉండాలో, పొద్దు ఎటు నుంచి రావాలో, నీళ్ళ రంగు ఎలా ఉండేదో రాయండి. బాబాయిగారి సంగతి చూద్దాం లెండి. ముందు నీళ్ళు రానివ్వండి.

మీ షరీఫా


తాడేపల్లిగూడెం,
జూలై

షరీఫాకి,

నీ ఉత్తరం శ్రీదుర్గ ముందు చదివేసి, తర్వాత నాకిచ్చింది. దానికి చిన్నప్పటి బుద్ధి పోలేదు. టీ ఒలికిన కొల్లేరు అని అల్లుడికి చెప్పి ఒకటే నవ్వు.

నీళ్ళ రంగు అడిగావు. పొద్దున్న ఒక రంగు, అన్నం వేళకి ఒక రంగు. పొద్దుటి పూట బియ్యం కడిగిన నీళ్ళలా ఉండేది. ఎండెక్కితే అడుగున నాచు కనిపించి పచ్చగా అయ్యేది. నువ్వు పొద్దుటి పూటే వెయ్యి. ఆయన వెళ్ళేది అప్పుడే.

ఆయన గురించి రాస్తాను, బాగా గుర్తుపెట్టుకో. దోనెకి వెనక చివర కూర్చుంటారు. ఎడమ మోకాలు పైకెత్తి, కుడికాలు చాపి. మోకాలు నొప్పి వచ్చాక గెడ మానేసి తెడ్డుకి మారారు. తెల్ల పంచె, బనీను, మెడలో గళ్ళ తువ్వాలు. ఆ తువ్వాలు ఉతకనిచ్చేవారు కాదు. “ఉతికితే చేపలు నన్ను గుర్తుపట్టవు నరసమ్మా” అనేవారు. నీడకి తలపాగా చుట్టుకోండి అంటే వినరు. అందుకని మెడ వెనక నల్లగా కమిలి ఉంటుంది. వెనక నుంచి వేస్తే ఆ మెడ వస్తుంది కదా. అది చాలు నాకు, గుర్తుపడతాను.

గూడబాతులు వేయకపోయినా ఫరవాలేదు. ఆయనకి వాటి మీద కోపం, చేపలన్నీ అవే తినేస్తున్నాయని. కిక్కిస మాత్రం ఎక్కువ వేయకు. ఎందుకో ఇప్పుడు ఆ రెల్లు చూడబుద్ధి కాదు.

నీ పిన్ని


ఏలూరు,
ఆగస్టు, ముసురు

పిన్నిగారూ, సలాం.

జవాబు ఆలస్యమైంది, క్షమించండి. వానలకి రంగు ఆరడం లేదు. రోజూ వేలి కొస ఆనించి చూడటం, వేలికి అంటుకోవడం. తొందరపడి తడి మీద వేస్తే బురదైపోతుంది. పైగా ఆయిల్ రంగులకి ఒక క్రమం ఉందండీ. కింది పూతలు టర్పెంటైన్‌తో పల్చగా ఉండాలి, పైకి వచ్చేకొద్దీ అవిసె నూనె పెంచాలి. తిరగేసి వేస్తే పైది ముందు ఆరిపోయి, కింద తడి కదిలి, కొన్నాళ్ళకి బీటలు తీస్తుంది. చూడ్డానికి మాత్రం మొదట్లో ఏ తేడా తెలియదు.

ఇప్పటికి దూరపు గట్లు బూడిద నీలంలో వేశాను. నీళ్ళకి బియ్యం కడుగు రంగు పట్టింది. మీరు రాశాక గానీ అది తట్టలేదు నాకు. అంతవరకూ నీలం కలుపుతూ కూర్చున్నాను. కిక్కిస ఒక్క మూల పల్చగా పెట్టి వదిలేశాను.

పోయిన వారం మీ ఊరు వెళ్ళాను. బస్సు, ఆటో మారి కొల్లేటికోట దగ్గర దిగి మీ ఇల్లు అడిగితే, వీర్రాజు అనే ఆయన ఎదురొచ్చాడు.

“తాళం వేసుందండీ. ఎవరు కావాలండీ?”

“ఎవరూ వద్దండీ. నీళ్ళు చూడ్డానికి వచ్చాను.”

“నీళ్ళు చూడ్డానికి ఏలూరు నుంచి వచ్చారాండీ? మీ ఇంట్లో కొళాయి లేదాండీ?”

ఆయనే తీసుకెళ్ళి మీ మెట్లు చూపించాడు. చుట్టూ చేపల చెరువులు వచ్చేసినా మెట్ల ముందు ఆ కాస్త మేర ఇంకా సరస్సులాగే ఉంది. పగిలిన మెట్టు అలాగే ఉంది. బాబాయిగారి దోనె మెట్ల పక్కనే కట్టి ఉంది. “దీన్నెవరూ ఎక్కట్లేదండీ, రాజుగారిదండీ ఇది” అన్నాడు, బాబాయిగారిని ఉద్దేశించి. గౌరవంతో ఎక్కడం లేదు కాబోలు అనుకున్నాను. మబ్బుల కింద ఆ ఖాళీ దోనె మెల్లగా మెట్టుకి తగులుతూ, వెనక్కి పోతూ ఉంటే ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను. అక్కడే కూర్చుని పెన్సిలుతో గీసుకున్నాను. ఇంటికొచ్చి కాన్వాసు మీదికి ఎక్కించాను.

మీ షరీఫా


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు

షరీఫాకి,

నువ్వు అంత దూరం వెళ్ళి వచ్చావు, సంతోషం. దోనె గురించి రాశావు. అందులో ఆయన్ని కూర్చోబెట్టు. ఆ మాట ఒక్కటి రాద్దామనే ఈ ఉత్తరం.

ఆయన్ని మొదలుపెట్టావో లేదో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నా చెవులే పోయాయి గానీ కళ్ళు బాగానే ఉన్నాయి, రెండుసార్లు చదివాను. సంవత్సరీకానికి మా మరిది, తోడికోడలు, ఊళ్ళో వాళ్ళు వస్తున్నారు. అందరికీ చెప్పాను, ఆయన వస్తున్నారని.

నీ పిన్ని


ఏలూరు,
అక్టోబరు ఆఖరు

పిన్నిగారికి సలాములు.

బొమ్మ పూర్తయింది. మా ఆయనే స్వయంగా తెస్తున్నారు. పైన ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలు తగలనివ్వకండి.

చివరి పది రోజులూ నీళ్ళ మీద వెలుగుతోనే సరిపోయింది. బ్రష్షు పక్కన పెట్టి, చిన్న కత్తితో తెలుపూ లేత పసుపూ కలిపి, నీటి మీద అక్కడక్కడా ఆనించాను. ఎక్కువైతే రేకులా మెరుస్తుంది, తక్కువైతే తెల్లవారదు. ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టమండీ ఈ పనిలో. మెట్లకీ, దోనెకీ నీడలు నీళ్ళలో బాగా వచ్చాయి.

వేయగలిగినంత వేశాను. చెప్పాల్సింది ఒకటుంది, కాగితం మీద పెట్టలేకపోతున్నాను. చూశాక మీకే తెలుస్తుంది. మనసులో పెట్టుకోకండి.

మీ షరీఫా


తాడేపల్లిగూడెం,
కార్తీకం, సంవత్సరీకం మర్నాడు

షరీఫాకి,

తాహిర్ బొమ్మ జాగ్రత్తగా తెచ్చి ఇచ్చాడు. భోజనం చేసి వెళ్ళమంటే షాపు ఉందని వెళ్ళిపోయాడు. నిన్న పిండాలు అయ్యాక అందరూ కూర్చుని ఉండగా శ్రీదుర్గ దాని మీద గుడ్డ తీసింది. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినపడదు, కానీ పెదాలు కదలకపోవడం కనిపిస్తుంది కదా. చివరికి మా మరిది నా దగ్గరగా వచ్చి గట్టిగా అడిగాడు: “ఇదేంటి వదినా, ఇలా వేయించావేంటి?”

బొమ్మ చాలా బాగుంది. ఆ నీళ్ళు అవే నీళ్ళు. పగిలిన మెట్టు కూడా మరిచిపోలేదు నువ్వు.

మీ బాబాయిగారు గుండెపోటుతో పోయారని నీకు తెలుసు. అది ఎక్కడ వచ్చిందో నీకు తెలియదు. ఎవరినీ చెప్పనివ్వలేదు నేను. ఆ రోజు పొద్దున్న ఆయన దోనె వేసుకుని వెళ్ళారు. వంట అయ్యాక పిలుద్దామని నేను మెట్ల మీదికి వచ్చేసరికి, దోనె గాలికి కొట్టుకొచ్చి మెట్టుకి తగులుతూ, వెనక్కి పోతూ ఉంది. తెడ్డు అందులోనే ఉంది. తువ్వాలు ఉంది. ఆయన లేరు. మర్నాడు కిక్కిసలో దొరికారు.

అప్పటి నుంచి కళ్ళు మూసినా తెరిచినా నాకు ఖాళీ దోనే కనిపిస్తోంది. అది పోవాలనే ఆయన్ని అందులో కూర్చోబెట్టమన్నాను. నువ్వు ఆ దోనెనే తెచ్చి నా మంచానికి ఎదురుగా పెట్టావు.

తిట్టడానికి రాయడం లేదు. మనిషిని వేయనని జూన్‌లోనే అని ఉంటే సరిపోయేది కదమ్మా. చూద్దాం లెండి అన్నావు. నేను చూస్తూ కూర్చున్నాను.

బొమ్మని గోడవైపు తిప్పి పెట్టించాను.

వెంకటనరసమ్మ


ఏలూరు,
నవంబరు

పిన్నిగారూ,

మీ ఉత్తరం చదివాను. నాకు తెలియదండీ. కానీ తెలియదన్న మాట వెనక దాక్కోను.

నాన్న వయసులో ఉన్నప్పుడు లారీల మీద చిలకలూ ఆవులూ, ఓనర్ల పిల్లల ముఖాలూ అన్నీ వేశారు. పెద్దవయసు వచ్చాక మానేశారు. మనం వేసిన ప్రాణికి ప్రాణం పొయ్యమని ఆఖరి తీర్పు రోజున అల్లా అడుగుతాడు షరీఫా, ఎక్కడి నుంచి తెస్తాం అనేవారు. ఆయన మంచం పట్టినప్పుడు, ప్రాణమున్న దాన్ని వేయనని నేను మాటిచ్చాను. నాన్నకి ఇచ్చానా, పైవాడికి ఇచ్చానా అంటే ఇద్దరికీ ఇచ్చాను. అందుకే నా కొల్లేట్లో పక్షి కూడా లేదు. మీరు గూడబాతులు వద్దంటే గండం గడిచిందనుకున్నాను, చూడండి నా బుద్ధి.

ఇది మీ మొదటి ఉత్తరానికే రాయాల్సింది. మీరు నొచ్చుకుంటారని, ఔననీ కాదనీ కాకుండా రాశాను. మెత్తగా మాట్లాడతానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. మీరు ఆయన మోకాలు, ఆయన తువ్వాలు, ఆయన మెడ ఒక్కొక్కటీ రాసి పంపిస్తుంటే చదువుకుంటూ కూర్చున్నాను. వేయనని తెలిసి కూడా చదువుకున్నాను. దానికి ఏ సాకూ లేదు.

ఇక్కడ భానుప్రకాష్ గారని డ్రాయింగు మాస్టారు ఉన్నారు. మనుషుల్ని చక్కగా వేస్తారు. మీరు ఒప్పుకుంటే బొమ్మ తెప్పించి, ఆయన చేత బాబాయిగారిని వేయిస్తాను.

షరీఫా


తాడేపల్లిగూడెం,
డిసెంబరు

షరీఫాకి,

వద్దు. ఆయన్ని ఎన్నడూ చూడని మనిషి ఆయన్నేం వేస్తాడు. దోనెలో ఎవరో ఒకరు కూర్చుంటే చాలదు నాకు.

మీ నాన్నకిచ్చిన మాట తప్పమని నేను అడగను. దేవుడి దగ్గర నీ లెక్క నీది. అడిగినప్పుడు తెలియక అడిగాను.

బొమ్మ వెనక్కి పంపుతున్నాను. కోపం కాదు. ఇంట్లో ఉంటే గోడవైపు తిప్పినా అది అక్కడ ఉందని తెలుస్తోంది. శ్రీదుర్గ ఆ గోడకి టీవీ పెట్టించింది. ఎవరో వంట చేస్తుంటారు, నేను చూస్తుంటాను.

వెంకటనరసమ్మ


ఏలూరు,
ఫిబ్రవరి

పిన్నిగారికి సలాములు.

మీరు జవాబు అడగలేదు. అయినా రాస్తున్నాను.

జనవరిలో మళ్ళీ మీ ఊరు వెళ్ళాను. వీర్రాజుని పిలిచి, రాజుగారి దోనె ఎక్కొచ్చా అని అడిగాను. “వద్దండీ” అన్నాడు. “పిన్నిగారి కోసమండీ” అన్నాను. “అమ్మగారు చెప్పారాండీ?” అన్నాడు. చెప్పలేదండీ అని ఉన్నమాటే చెప్పాను. ఈసారి అబద్ధమాడకూడదనుకున్నాను. ఆయన అమ్మవారి గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, దోనెలో నీళ్ళు తోడి నన్ను ఎక్కించాడు. తను ముందు నిలబడి గెడ వేశాడు. నేను వెనక చివర కూర్చున్నాను. బిస్మిల్లా అనుకుంటూ చెక్క గట్టిగా పట్టుకున్నాను, ఈత రాదు కదా.

కొంత దూరం పోయాక దోనెని ఇంటివైపు తిప్పించాను. అప్పుడు చూశాను పిన్నిగారూ, బాబాయిగారు రోజూ ఇంటికొస్తూ చూసింది ఏమిటో. ఇన్నాళ్ళూ నేను మెట్ల మీదే నిలబడి వేశాను.

ఇంటికి వచ్చి కొత్త కాన్వాసు మీద మళ్ళీ కావిరంగు దగ్గర మొదలుపెట్టాను. ఎండాకాలం ముందు గాలికి త్వరగానే ఆరుతోంది. ఇందులో అడుగున, కాన్వాసు అంచు నుంచి, దోనె మూతి మాత్రమే కనిపిస్తుంది. తక్కినది చూసేవాళ్ళ కింద ఉన్నట్టు. ఎదర బియ్యం కడుగు నీళ్ళు, ఆవల మీ మెట్లు, మీ ఇల్లు, తీసి ఉన్న తలుపు, వంటింటి పొగ. పొగ కోసం నాలుగుసార్లు తుడిచి వేశాను. గట్టిగా వేస్తే నిప్పంటుకున్నట్టు ఉంటోంది. చివరికి బ్రష్షు కాదు, పాత చీర ముక్కతో అద్దితే కుదిరింది.

ముందే చెబుతున్నాను: మెట్ల మీద మిమ్మల్ని వేయలేదు. అది నేను చేయలేను. మెట్లు ఖాళీగా ఉన్నాయి. దీన్ని ఇంట్లోకి రానివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దంటే గుడ్డ విప్పకుండానే పంపేయండి, ఏమీ అనుకోను.

మీ షరీఫా


తాడేపల్లిగూడెం,
మార్చి

షరీఫాకి నీ పిన్ని దీవెనలు.

టీవీ హాల్లోకి వెళ్ళింది. ఆ గోడకి నీ బొమ్మ పెట్టించాను. మంచం మీద కూర్చుంటే దోనె మూతి నా మోకాళ్ళ దగ్గర మొదలవుతుంది. అలవాటు లేక మొదటి రోజు కాస్త కళ్ళు తిరిగాయి.

శ్రీదుర్గ వచ్చి బొమ్మ ముందు నిలబడి, “ఇందులోనూ నాన్న లేరు కదమ్మా” అంది గట్టిగా. “ఉన్నారు, నువ్వే అడ్డం నిలబడ్డావు, జరుగు” అన్నాను. అది కాసేపటికి అర్థం చేసుకుని నా పక్కనే కూర్చుండిపోయింది.

మెట్లు ఖాళీగా ఉన్నాయని నువ్వు నొచ్చుకుంటూ రాశావు. నొచ్చుకోకు. మామూలుగా ఆయన వచ్చే వేళకి నేను మెట్ల మీదికి వచ్చి నిలబడేదాన్ని. ఆ రోజు చుట్టాలు వస్తున్నారని వంట ఎక్కువై, పొయ్యి దగ్గరే ఉండిపోయాను. గుండె పట్టుకున్నప్పుడు ఆయన ఇటు తిరిగి చూశారో లేదో నాకు తెలియదు. చూసి ఉంటే తలుపు తీసి ఉంది, పొగ వస్తోంది, మెట్ల మీద ఎవరూ లేరు. నువ్వు వేసినట్టే.

ఖాళీ దోనె నాకు ఇంకా కనిపిస్తూనే ఉంది. అది పోయిందని నీతో అబద్ధం చెప్పను. కానీ ఆయనకి ఏం కనిపించి ఉంటుందన్నది ఇంతకాలం ఒక్కసారి కూడా అనుకోలేదు నేను. సాయంత్రం దీపం పెట్టాక వచ్చి ఆయన చోట కూర్చుంటున్నాను. అక్కడి నుంచి కేకేస్తే మెట్ల దాకా వినపడుతుందా వినపడదా అని చూస్తున్నాను. దూరం ఎక్కువేమీ లేదు షరీఫా.

నీ పిన్ని
వెంకటనరసమ్మ